తడిసిన బంతి బరువు

జూన్ 9

అక్కా,

నువ్వు పంపిన బంతులు నిన్న అందాయి. ముందు ఈ మాట రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవు కాబట్టి మొదటే రాసేస్తున్నాను. మూట విప్పగానే గదంతా తోలు వాసన. ఒక్క క్షణం నిక్కరేసుకుని నాన్న కుట్టుబల్ల పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

బావ కాలు ఎలా ఉంది? మెట్లమీద జారానని రాయించాడు గానీ, మెట్లెక్కే పని ఏదీ బావ చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. కట్టు విప్పేదాకా కుర్చీలో కూర్చుని నీ మీద అజమాయిషీ చేస్తుంటాడు కాబోలు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నా గది గ్యాలరీ కిందే కదా, చెక్కల సందుల్లోంచి నీళ్లు సరిగ్గా నా మంచం మీదికే కారతాయి. జనం కూర్చునే చోటు కింద కోచ్‌ని పడుకోబెట్టాలన్న గొప్ప ఆలోచన మా సెక్రటరీ గారిది. ఈ ఏడాది ఫైనల్ దాకా వెళ్తామని ఆయనకి గట్టి నమ్మకం. "మన క్లబ్బు నిలబడిందే నీ తల మీదయ్యా. ఆ హెడ్డర్ మనవాళ్లందరికీ నేర్పు. జనం వచ్చేది అది చూడ్డానికే" అంటాడు. అందుకని రోజూ పొద్దున్న నేను బంతి ఎగరేస్తాను, ఆటగాళ్లు వరసలో వచ్చి తలతో కొట్టిపోతారు. వానలో కూడా.

ఒక చిన్న మాట. ఈసారి బంతులు కాస్త తేలికగా కుట్టగలవా? లోపలి గుడ్డ ఒక పొర తగ్గించినా చాలు. నీళ్లు పీల్చకుండా తోలుకి ఏదైనా పూత వేసినా మంచిదే. ఊరికే అడుగుతున్నాను.

బావ కాలు ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు


జూన్ 17

ఒరేయ్ ఇనపతలా,

ఊరికే అడిగే మాటలు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. ఊరికే అడిగేవాడివి ఉత్తరం చివర్న, బావ కాలి పక్కన నక్కి అడగవు. ఆ కాలి సంగతి రెండుసార్లు అడిగావు చూడు, అప్పుడే అనుకున్నాను, వీడు నన్ను బుజ్జగించి ఏదో చల్లగా చెప్పబోతున్నాడని. కాలు బాగానే ఉంది. నోరు అంతకంటే బాగుంది.

యంత్రం మీద కుట్టే కంపెనీవాడెవడో మీ సెక్రటరీని పట్టుకున్నాడా? ఉన్నమాట చెప్పు. ఆ బంతులు నేనూ చూశాను. నాలుగు ఆటలకే గుమ్మడికాయలా ఓ పక్కకి ఉబ్బుతాయి. నాన్న పోయి ఇన్నేళ్లయినా ఆయన పద్ధతి నేను నూలుపోగంత మార్చలేదు. తోలు గుచ్చే అదే ఆరె, అదే మైనం పట్టిన దారం, లోపల అవే గుడ్డ పొరలు. ఆ పొరలు ఉన్నందుకే బంతి సాగదు. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

నువ్వేం చేసేవాడివో అదీ మర్చిపోయావా? ప్రతి బంతీ గాలి కొట్టి, దాని నోటికి లేసు బిగించి, నాన్న పెరట్లో ఎగరేసేవాడు. నువ్వు ఎగిరి తలతో కొట్టి, "ఇటు లాగుతోంది నాన్నా" అనేవాడివి. ఆయన మారు మాట్లాడకుండా కుట్టు విప్పేవాడు. నీ తల సరేనంటే తప్ప ఏ బంతీ దుకాణం గడప దాటేది కాదు. నిన్ను చూసి నాకు కుళ్లు పుట్టేది కూడా. "ఆడపిల్లవి, నీకెందుకే" అని నా చేత ఒక్క బంతీ కొట్టించలేదు ఆయన.

ఆ తలే నిన్ను మిల్లు జట్టులోకి తీసుకెళ్లింది. పగలంతా నూలు చుట్టి, సాయంత్రం జారకుండా బూటు కింద మేకులు కొట్టుకుని ఆడేవాడివి. ఫుట్‌బాల్ అంటే పనిలేనివాళ్ల గంతులని జనం నవ్వే రోజులవి. ఆ తర్వాతే కదా క్లబ్బు, పేపర్లో ఫొటో, వానలో కొట్టిన ఆ ఫైనల్ గోలు. మోకాలు పోయాక కోచ్‌గిరీ ఇచ్చింది కూడా ఆ పేరు చూసే. ఇప్పుడు మన బంతి బరువైపోయిందా నీకు?

బంతి తేలికగా కావాలంటే బుడగ కొనుక్కో.

మీ అక్క


జూన్ 25

అక్కా,

ఏ కంపెనీవాడూ లేడు. నీ కుట్టుకి వంక పెడితే నా కళ్లు పోతాయి.

మా జట్టులో సెంటర్ హాఫ్‌గా ఆడినవాడు, మనం గోడ అని పిలిచేవాళ్లం, గుర్తున్నాడా? మన దుకాణానికి ఒకసారి వచ్చి గుమ్మానికి తల కొట్టుకుని, గుమ్మాన్నే క్షమించమన్నాడు. మొన్న వాణ్ని చూడ్డానికి వెళ్లాను. ఇంట్లో ఉంచుకోలేక వాళ్లావిడ ఆసుపత్రిలో చేర్చింది.

పొడవాటి గది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. బూట్లు ఒళ్లో పెట్టుకుని లేసులు విప్పుతున్నాడు, కడుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. హమ్మయ్య, గుర్తుపట్టాడనుకున్నాను. "ఆట మొదలవడానికి ఇంకా ఎంతసేపుందండీ?" అన్నాడు. నన్ను అండీ అన్నాడక్కా. పదేళ్లు పక్కపక్కన ఆడినవాణ్ని. వాళ్లావిడ నీళ్లు తాగిస్తే, ఆవిడ అటు తిరగగానే నా చెవిలో, "ఈవిడెవరో మంచావిడ. రోజూ వస్తుంది" అన్నాడు. ఆవిడకి వినపడింది. గ్లాసు కడిగే వంకతో బయటికి వెళ్లిపోయింది.

అక్కడి డాక్టరు కుర్రవాడే. గోడ ఏం పని చేసేవాడని నన్ను అడిగాడు. చెప్పాను. బంతి ఎంత బరువుండేది, తడిస్తే ఎంతయ్యేది, రోజుకి ఎన్నిసార్లు తలకి తగిలేది అని అడిగాడు. ఎన్నిసార్లంటే ఎవరు లెక్కపెట్టారు? "అదే కారణమని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను" అన్నాడు. తర్వాత, "మీరు కూడా ఆడేవారా?" అన్నాడు. నేను గోల్‌కీపర్‌నని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున్న బంతి ఎగరేద్దామంటే చెయ్యి లేవలేదు. వరసలో ముందున్న సెంటర్ ఫార్వర్డ్, "ఏం సార్, భుజం పట్టేసిందా?" అన్నాడు. అవునన్నాను.

తేలిక బంతులు కుట్టి పంపు అక్కా. నిన్ను బతిమాలుకుంటున్నాను.

తమ్ముడు


జూలై 4

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది చదివి ఏడ్చాను. గోడలాంటి మనిషికి ఆ గతి పట్టిందే అని రెండు రోజులు పని ముట్టుకోలేదు. మూడోరోజు నీ రెండో ఉత్తరం వచ్చింది. విప్పితే ఏముంది? అదే ఉత్తరం. ఆ బూట్ల లేసులు, ఆ మంచావిడ, ఆ డాక్టరు, ఆ బతిమాలుకోవడం. అక్షరం పొల్లు పోకుండా.

ఏమిటిది? ఒకసారి చెబితే అక్క బుర్రకి ఎక్కదనా? ఇలా దెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు? మీ బావ అయితే, "పోస్టులో ఒకటి పోతుందేమోనని రెండు రాసుంటాడే" అని నిన్ను వెనకేసుకొచ్చాడు. ఆయనకి అందరూ మంచివాళ్లే.

సూటిగా అనకూడదా? నాన్న కుట్టిన బంతి గోడని పిచ్చివాణ్ని చేసిందని నీ అభిప్రాయం. ఆయన పోయాక నేను కుట్టినవి ఇంకెంతమందిని చేశాయో అని కూడా. అదే కదా నీ రెండుత్తరాల సారం? ఆ చేతులతోనే ఆయన మనకి అన్నం పెట్టాడురా. ఆ కుర్ర డాక్టరు మాట పట్టుకుని ఆయన మీద నింద వేస్తావా?

ఇంత రాసి, కాగితం మడిచి, మళ్లీ విప్పాను. ఒకటి అడుగుతాను, కోప్పడకు. నువ్వు బాగానే ఉన్నావా?

అక్క


జూలై 11

అక్కా,

నేను రెండు ఉత్తరాలు రాయలేదు.

రాశానని నువ్వంటున్నావు కాబట్టి రాసే ఉంటాను. నాకు మాత్రం ఒక్కటే గుర్తుంది. నీ మాట మళ్లీ మళ్లీ చదివాను. గది తలుపు గడియ వేసుకుని మంచం మీద కూర్చుండిపోయాను. బయట ఆటగాళ్లు నన్ను పిలుస్తున్నారు. తలుపు తీస్తే వాళ్ల మొహాలు గుర్తుపడతానో లేదో అని భయమేసింది. తీశాను. గుర్తుపట్టాను. పేర్లే రాలేదు.

దాచింది చాలు. చెప్పేస్తాను.

పేర్లు పోవడం కిందటేడాదే మొదలైంది. అందుకని ఆటగాళ్లని పేర్లతో పిలవడం మానేసి "లెఫ్ట్ బ్యాక్, ఇటు రా", "రైట్ అవుట్, పరిగెత్తు" అని స్థానాలతో పిలవడం మొదలుపెట్టాను. అది నా కొత్త క్రమశిక్షణ అనుకున్నారు. పక్క క్లబ్బు కోచ్ అది చూసి ముచ్చటపడి, తన జట్టుకి కూడా పెట్టుకున్నాడట. నవ్వొస్తోందా? నాకూ వచ్చేది మొదట్లో.

పోయినవారం క్షవరం చేయించుకుని బయటికొచ్చాను. మంగలి షాపు నుంచి మైదానానికి ఒకటే వీధి, ఒకటే మలుపు. రోజూ నడిచే దారి. ఆ మలుపు దగ్గర నిలబడిపోయాను. ఏ పక్కకి తిరగాలో తెలియలేదు. అడుగుదామంటే, మైదానం ఎక్కడుందని ఇనపతల ఎవరిని అడుగుతాడు? గడియారాల షాపు అద్దంలో చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. చివరికి స్కూలు వదిలాక పిల్లలు బంతి పట్టుకుని పోతుంటే వాళ్ల వెనక నడిచాను.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేదు. వానలో నేను కొట్టిన ఫైనల్ గోలు, నువ్వు పేపరు కత్తిరించి దుకాణంలో పటం కట్టావే, అది నాకు గుర్తులేదు. ఇప్పుడు మర్చిపోవడం కాదు. ఎప్పుడూ గుర్తులేదు. బంతి నీళ్లు పీల్చి బండలా ఉంది, ఎగిరాను, అంతే. తర్వాత గుర్తున్నది బస్సులో నా ఒళ్లో కప్పు. అప్పట్నుంచీ జనానికి నేను చెప్పే కథంతా నువ్వు పేపర్లోంచి చదివి వినిపించిందే. ఆ రోజే తెలుసుకోవాల్సింది. గర్వంగా చెప్పుకు తిరిగాను.

నేను నాన్నని ఏమీ అనడం లేదు. ఆయనకేం తెలుసు? నాకు తెలిసింది ఇప్పుడు. తెలిసి కూడా రేపు పొద్దున్న వాళ్ల నెత్తిన బంతి ఎగరెయ్యమంటావా? సెక్రటరీకి చెబితే నవ్వాడు. "నీకు వయసు మీదపడింది గానీ వాళ్లకి కాదు" అన్నాడు.

రోజూ నిద్ర లేవగానే ముందు నీ మొహం తలుచుకుంటున్నాను, ఉందా లేదా అని. భయంగా ఉందక్కా. చాలా భయంగా ఉంది.

తమ్ముడు


జూలై 16

నా బంగారు తమ్ముడూ,

కోపంలో నేను రాసినవన్నీ చింపెయ్యి. ఒక్క ముక్క కూడా దాచకు.

నీ ఉత్తరం చదివి నేరుగా దుకాణంలోకి వెళ్లాను. నాన్న తన చేత్తో కుట్టిన ఆఖరి బంతి ఉంది కదా, పటం కింద అలమరలో. దాన్ని తీసి గాలి కొట్టాను. తొట్టిలో నీళ్లు పోసి అందులో ముంచి, పైన ఇటుక పెట్టాను. మీ బావ కుంటుకుంటూ వచ్చి, "మతి పోయిందా నీకు" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు.

మర్నాడు పైకి తీశాను. ఒంటి చేత్తో లేవలేదు. పెరట్లోకి తీసుకెళ్లి, గోడకి చేరబడి నిలబడమని మీ బావ చేతికిచ్చి, "ఎగరెయ్యి" అన్నాను. ఎగరెయ్యనన్నాడు. తిట్టాను. ఎగరేశాడు.

ఇన్నేళ్ల నుంచీ బంతులు కుడుతున్నాను గానీ, ఒక్కదాన్ని తలతో కొట్టి చూసింది నిన్నే. నువ్వు నిక్కరేసుకుని నిలబడే చోటే నిలబడ్డాను. పెద్ద ఎత్తేమీ కాదు, తలుపంత ఎత్తు నుంచి పడిందంతే. కింద కూలబడ్డాను. కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లో ఇనుం రుచి. లేసు ముడి నుదుటి మీద అచ్చు దిగింది, ఇంకా తగ్గలేదు. మీ బావ కర్ర పారేసి పరిగెత్తుకొచ్చాడు, కట్టు కట్టిన కాలితోనే. చాలాసేపు ఆయన ఏమంటున్నాడో నాకు అర్థం కాలేదు.

నువ్వు దీన్ని రోజూ కొట్టావురా. ఏడేళ్ల పిల్లాడివి అప్పుడు. నేను పక్కన కూర్చుని కుళ్లుకున్నాను.

ఆ బంతి కుట్లన్నీ విప్పేశాను. పొరలు ఒక్కొక్కటే లాగుతుంటే నీళ్లు కారాయి. కొత్తవి కుడుతున్నాను, ఒకే పొర, పలచటి తోలు, పైన రబ్బరు పూత. వంకర పోతే పోనీ. మొదటి మూట రేపే పంపుతాను. పొద్దున్న ఎవరికీ నెత్తిన ఎగరెయ్యకు. సెక్రటరీ ఉద్యోగం తీసేస్తే తియ్యనీ. నీ గది ఇక్కడ అలాగే ఉంది, వాన కూడా కారదు.

నా మొహం మర్చిపోతే మళ్లీ చూపిస్తాను. ఎన్నిసార్లయినా చూపిస్తాను.

నీ అక్క


ఆగస్టు 13

అక్కా,

ఫైనల్ అయిపోయింది. ఓడిపోయాం. మర్చిపోకముందే రాద్దామని వెంటనే కూర్చున్నాను.

నీ తేలిక బంతులు మావాళ్లకి బాగా నచ్చాయి. అన్ని రోజులూ నేలమీదే ఆడించాను, కాలి నుంచి కాలికి. తల వాడినవాడిని మైదానం చుట్టూ పరిగెత్తించాను. సెక్రటరీ రోజూ వచ్చి గొణిగేవాడు. కానీ ఫైనల్ బంతి మనం తెచ్చుకునేది కాదు కదా, పోటీ పెట్టినవాళ్లు ఇస్తారు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. మన దుకాణం బంతే. పాతది. వాన మొదట్నుంచీ పడుతూనే ఉంది.

ఆట చివర్లో రైట్ అవుట్ మూల నుంచి బంతి గాల్లోకి లేపాడు. మా సెంటర్ ఫార్వర్డ్ గోలు ముందు ఒంటరిగా ఉన్నాడు. ఎగిరితే గోలే. ఆ బంతి ఎలా వస్తుందో నాకు తెలుసు. నా మెడ దానంతట అదే బిగుసుకుంది. "వంగు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, గ్యాలరీ అంతా విన్నారు. వాడు వంగాడు. బంతి వాడి మీదుగా పోయి బురదలో పడి, అక్కడే కదలకుండా కూర్చుంది.

జనం చెప్పులు విసిరారు. సెక్రటరీ అందరి ముందూ "వీడికి పిచ్చెక్కింది" అన్నాడు. ఆదివారంలోగా గది ఖాళీ చెయ్యాలి. సెంటర్ ఫార్వర్డ్ నాతో మాట్లాడలేదు. బూటు నేలకేసి తన్నుకుంటూ వెళ్లిపోయాడు. ముసలివాడయ్యాక కూడా నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. అందుకు గుర్తుండాలి కదా.

ఈ పూట నాకేం భయం లేదు. సామాను సర్దుకున్నాను. ఆదివారం నేనే వస్తాను. మలుపు దగ్గర తిరగడమే కదా. బంతులన్నీ నేను వచ్చాకే చూస్తానని నాన్నతో చెప్పు. నేను కొట్టి చూడకుండా గడప దాటించొద్దను. ఆలస్యమైందని కోప్పడతాడేమో, నువ్వే కాస్త సర్దిచెప్పు.

బావ కాలు ఎలా ఉంది?

తమ్ముడు


ఆగస్టు 15

తమ్ముడూ,

బావ కాలు బాగుంది. కర్ర కూడా వదిలేశాడు. నాన్నకి కోపమేమీ లేదు.

నువ్వు బయల్దేరకు. నేనే వస్తున్నాను, శనివారం సాయంత్రానికల్లా నీ గది ముందుంటాను. ఈ ఉత్తరం నాకంటే ముందు అందాలని, ఆ వైపు వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నేను వచ్చేదాకా గది దాటకు. ఆకలేస్తే గేటు దగ్గరి కాపలా ఆయన్ని అడుగు. నేను నీలం చీర కట్టుకుని వస్తాను. నుదుటి మీద లేసు మచ్చ ఉంటుంది. మొహం గుర్తు రాకపోయినా మచ్చ చూడు.

నువ్వు ఆ రోజు "వంగు" అన్నావే, ఆ మాట నేను పేపర్లో చదివి కత్తిరించాను. నిన్ను తిడుతూ రాశారు. పటం కట్టి దుకాణంలో పెట్టాను, గోలు పటం తీసేసి ఆ మేకుకే.

ఈ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకో. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యకు. కింద రాసింది నీకు కాదు, నువ్వు చదవక్కర్లేదు.

అక్క


ఈ కాగితం ఎవరి చేతిలో ఉందో వారికి నమస్కారం.

మీ ఎదురుగా నిలబడినాయన మా తమ్ముడు. దారి తప్పి ఉంటాడు, అడగడానికి మొహమాటపడతాడు. తాగలేదు, ఎవరినీ ఏమీ చెయ్యడు. దయచేసి చెయ్యి పట్టుకుని ఫుట్‌బాల్ మైదానం గేటు దగ్గరికి తీసుకెళ్లండి. కాపలా ఆయనకి తెలుసు. నడుస్తున్నంతసేపూ ఆట గురించి అడగండి, భయం తగ్గుతుంది. వాళ్ల నాన్న గురించి అడిగితే ఇంట్లో ఉన్నాడని చెప్పండి.

ఒక్కటే జాగ్రత్త. దారిలో పిల్లలు బంతి ఆడుతుంటే ఆ పక్కకి పోనివ్వకండి. అన్నీ మర్చిపోయినా, గాల్లో బంతి కనిపిస్తే ఆయన ఎగురుతాడు. మీ అరచెయ్యి ఆయన నుదుటికి అడ్డం పెట్టండి.

ఇట్లు,
ఆ బంతులు కుట్టిన ఆయన అక్క